వాన పడ్డ చోటు

మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఓదెమ్మ బియ్యం బస్తాను నడుముకు ఆనించుకుంది. కనేరి బస్తీలో, ఊళ్లొదిలి వచ్చిన కరెంటు మగ్గం పనివాళ్లకు వండిపెట్టే బిస్సీ, పూటకూళ్ల ఇల్లు, ఆమెది. తెల్లవారుజాము నుంచి ఒకటే వాన. మోరీ పొంగి, అద్దకం రంగు నీళ్లు వంటింట్లోకి వచ్చాయి. అడుగు బస్తా అప్పుడే తడిసి ఉబ్బింది.

"పట్టు అన్నా, ఏం జూస్తున్నవ్?"

కనుకయ్య గుమ్మంలో నిలబడి వాన వైపు చూస్తున్నాడు. ఊళ్లో చెరువు నెర్రెలు బారి, బోరు దుమ్ము పోస్తే, ఎడ్లను అమ్మి ఉగాది తర్వాత చెల్లెలి దగ్గరికి వచ్చాడు. గైబీ నగర్ మగ్గాల షెడ్డులో బట్ట తానులు మోస్తున్నాడు. వడ్లు పండించిన మనిషి, కొన్న బియ్యం తినేటప్పుడు తల ఎత్తేవాడు కాదు.

"ఊరికి ఫోన్ జేసిన. పుష్యాల కార్తె వచ్చినా సుక్క లేదట. నారు మళ్ల ఎండిందట. గీడ జూడు! ఏడ పడాల్నో, ఎంత పడాల్నో వానకే యాదిలేదు. గీ మగ్గాలు నాట్లేసుకుంటయా?"

బయటికి ఉమ్మేశాడు.

"మొగులును తిడితే బియ్యం ఆరుతయా? పట్టు!"

ఇద్దరూ బస్తాలను అటక మీదికి చేర్చారు. తడిసిన బియ్యాన్ని దోసిట్లోకి తీసుకుని వాసన చూశాడు కనుకయ్య. "పారెయ్యకు చెల్లె. ఎవలో నడుములు వంచి పండిచ్చిండ్రు."

అంతలో షెడ్డు లెక్కలు, పనివాళ్లను చూసే మెహతా గొడుగు పట్టుకుని వచ్చాడు. "కనుకయ్యా, జల్దీ రా! షెడ్ల నీళ్లు జొచ్చినయ్. తాన్లు తడిస్తే సేటు ఊకుంటడా?"

"కరెంటు బంద్ జేసిండ్రా?" ఓదెమ్మ అడిగింది.

"ఆఁ, ఆఁ," అన్నాడు మెహతా, అప్పటికే తిరిగి నడుస్తూ. కనుకయ్య అతని వెనకే వెళ్లాడు.

సాయంత్రం వాన తగ్గాక నలుగురు పనివాళ్లు కనుకయ్యను తలుపు చెక్క మీద మోసుకొచ్చారు. పై అంతస్తు మగ్గాలు ఆగకూడదని మెయిన్ స్విచ్చు తియ్యలేదట; నీళ్లలో కరెంటు పారి అక్కడికక్కడే ప్రాణం పోయిందట. అన్న ముఖం తుడిచి, చెంగు నడుముకు దోపుకుని, ఓదెమ్మ నేరుగా షెడ్డుకు నడిచింది.

"బంద్ జేసినమంటివి గదరా!"

మెహతా రెండు చేతులూ జోడించాడు. "గిసొంటి వాన వస్తదని ఎవలికెర్క ఓదెమ్మా? అంతా పైవాని ఆట."

"వాన పైవాడే కురిపిచ్చిండు. స్విచ్చు ఏసి ఎవడు ఉంచిండు?"

పైన మగ్గాలు దడదడలాడుతున్నాయి. గోడవారగా తానులన్నీ పొడిపొడిగా, కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఆఖరుగా ఎత్తిన తాను ఒక్కటే మెట్ల దగ్గర, బురద నీళ్లలో, సగం విప్పుకుని తేలుతోంది.