పంటి బిగువున

మా చెల్లెలు కంటినిండా నిద్రపోయి చాలాకాలమైంది. పసిపిల్లల సంరక్షణ కేంద్రంలో పని. పగలంతా పరాయి బిడ్డల్ని జోకొడుతుంది, ఇంటికొచ్చి పైకప్పు చూస్తూ పడుకుంటుంది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నాకు బతకాలని లేదు. ఎవరికైనా చూపించు" అంది.

ఇంట్లో చెబితే అమ్మ, "కష్టాలు ఎవరికి లేవు? అన్నీ పంటి బిగువున భరించాలి" అని తేల్చేసింది. చెల్లెలి మొగుడు మాత్రం తలుపు దగ్గరగా వేసి వచ్చి, "తీసుకెళ్ళండి వదినా. కానీ మూడోకంటికి తెలియకూడదు. పంటినొప్పని చెబుదాం" అన్నాడు. మేం చూపించాలనుకున్న మానసిక వైద్యుడి గది కింద అంతస్తులోనే పళ్ళ డాక్టరున్నాడు, మెట్లు ఇద్దరికీ ఒకటే. ఇంత తెలివి మా మరిదికి ఇంకే విషయంలోనూ నేను చూడలేదు.

పై డాక్టరు వారానికొకసారే వస్తాడు. నంబరు తీసుకున్నాం. అయితే పళ్ళ డాక్టరు గది దాటి ఇంకో మెట్టెక్కితే చాలు, చూసినవాళ్ళకి అర్థమైపోతుంది. అందుకని మెట్లు ఖాళీ అయ్యేదాకా కింద బల్ల మీదే కూర్చున్నాం. మాలాంటివాళ్ళు అక్కడ ఇంకా ఉన్నట్టున్నారు. ఒకాయన బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని మెట్లవైపే చూస్తున్నాడు, అదీ ఒకసారి ఈ బుగ్గ, ఒకసారి ఆ బుగ్గ.

చివరికి లేచాం. సరిగ్గా అప్పుడే వాచిన మొహంతో ఎదురైంది కేంద్రం నడిపే మేడం.

"నువ్వా! నీకూ పన్నేనా?"

చెల్లెలు పైమెట్లవైపు ఒకసారి చూసింది. నిద్రమాత్రలు వాడుతోందని తెలిసి ఒక ఆయాని ఈవిడే మర్నాడు పనిలోంచి తీసేసింది. పిచ్చిదనే పేరొస్తే పిల్లల్ని చేతికెవరిస్తారు?

"అవును మేడం. పన్నే."

"అయ్యో తల్లీ! నాది ఎప్పుడూ ఉండేదేలే, ముందు నువ్వు చూపించుకో" అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. కుర్చీ పక్కనే నిలబడింది కూడా. మనిషి మంచిదే, అదే మా ఖర్మ.

పళ్ళ డాక్టరు ఒక్కో పన్నునూ తట్టి చూశాడు. "పుచ్చేమీ లేదే! ఎక్కడమ్మా నొప్పి?"

చెల్లెలు చిట్టచివరి పన్ను చూపించింది.

"జ్ఞానదంతం. కాస్త వంకరగా ఉంది. బాగా నొప్పిగా ఉందా?"

"భరించలేకపోతున్నాను డాక్టరుగారూ. నిద్ర పట్టట్లేదు. ముద్ద దిగట్లేదు. ఏ పనీ చెయ్యాలనిపించట్లేదు."

ఒక్క ముక్కా అబద్ధం కాదు. చెప్పిన గదే తప్పు.

"అయితే తీసేద్దాం."

"జ్ఞానం కూడా ఊడొస్తుందేమో, జాగ్రత్తండోయ్" అని మేడం నవ్వింది.

"ఒక్క నిమిషం ఆగండి" అన్నాను నేను. చెల్లెలు నా మణికట్టు గోళ్ళు దిగేలా పట్టుకుని తల అడ్డంగా ఊపింది. చిగురులో మత్తుసూది దిగుతుండగా పై అంతస్తు నుంచి మా నంబరు పిలిచారు. మళ్ళీ పిలిచారు. తర్వాత ఇంకెవరిదో పిలిచారు.

ఇల్లు చేరేసరికి అమ్మ ఎదురొచ్చింది. జావ కాచింది. మరిది ఐసుముక్కలు తెచ్చి గుడ్డలో చుట్టి బుగ్గకి ఆనించాడు. పక్కింటివాళ్ళు వచ్చి పలకరించి వెళ్ళారు. చెల్లెలు అమ్మ ఒళ్ళో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. "ఏడువు తల్లీ, ఏడువు. పంటినొప్పంటే నరకమే" అని అమ్మ తల నిమిరింది. ఇన్నాళ్ళూ కంట తడి కనిపిస్తే కసిరిన మనిషి! నాకు ఒళ్ళు మండిపోయింది.

అందరూ వెళ్ళాక దాని పక్కన కూర్చుని, "వచ్చే వారం నేరుగా పైకే వెళ్దాం. ఎవరేమనుకుంటే మనకేం?" అన్నాను.

నోట్లోని దూది తీసి, "పైకొద్దక్కా" అంది. "అవతలివైపు కూడా ఒక పన్నుంది. అది పీకించుకున్నా అమ్మ ఇలాగే ఏడవనిస్తుందంటావా?" అని అడిగింది.