రెండో ఉతుకు

సోమన్‌పేట సాలెవాడలో రాయమల్లు బొటనవేలికి ఉన్న పేరు రాయమల్లుకు కూడా లేదు. చెన్నూరుకు మూడు కోసుల దూరంలో ముప్పై నాలుగు గుంట మగ్గాల వాడ అది. నేత సంఘానికి నూలు బేలు దిగిందంటే, దాని తాడు కోసేముందు రాయమల్లుకు కబురు పోవాల్సిందే. అతను వచ్చి చుట్టిన నూలు చిలప ఒకటి బయటికి లాగేవాడు. ఒక పోగును బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి, కళ్లు మూసుకుని, మెల్లగా గుంజేవాడు.

"ఏడు ఉతుకులు" అనేవాడు, అంతే.

ఏడు ఉతుకుల దాకా బట్ట నున్నగా ఉంటుందని, ఎనిమిదో ఉతుకుకు మీద నూగు లేస్తుందని దానర్థం. లేచిన నూగు ఊరుకుంటుందా? రాపిడికి చుట్టుకుని ఆవగింజలంత ఉండలు కడుతుంది. అలాంటి అంగీ ఎవడు తొడుక్కుంటాడు చెప్పండి! కుట్టించిన నెలకే గజ్జి కుక్క తోలులాగ కనిపిస్తుంది. నేసినవాణ్ని తిట్టనివాడు పాపాత్ముడు.

రాయమల్లు తప్పు చెప్పి ఊరుకునే రకం కాదు, మందూ చెప్పేవాడు. "పీచు పొట్టిది, పురి వదులు. పేక తడిపి నెయ్యుండ్రి. పన్నెతోని ఇంకొక దెబ్బ గట్టిగ ఎయ్యుండ్రి. నేత బిగిస్తే నూగు లోపట్నే పడి ఉంటది." చెప్పినట్టు చేస్తే ఏడు ఉతుకుల నూలు పదిహేను దాకా లాగేది. అస్సలే పనికిరాని నూలైతే తిప్పి పంపించేవారు. పనికొచ్చేదానికి అతనే ఎర్ర దారం కట్టేవాడు. ఆ ఎర్ర దారం చూస్తే చాలు, వాడంతా మారు మాట్లాడకుండా పడుగులు పోసుకునేది.

వేరే ఊళ్లలో ఇందుకు గొంగడి వాడేవారు. చిలపను బిగ్గ పట్టి గరుకు గొంగడి మీద నూరుసార్లు రాకి, ఎంత నూగు లేచిందో చూసేవారు. ఆ మాట వింటే రాయమల్లుకు నవ్వొచ్చేది. "నా ఏలు ఉండంగ గొర్రెబొచ్చుతోని నాకేం పని?" అనేవాడు. గర్వమే మరి! ఉన్నవాడికి ఉంటుంది.

ఆ ఏడు వానకాలం ఒకనాడు పొద్దున అతను గడపలో కూర్చుని చుట్ట తాగుతున్నాడు. లోపల సంకటి గెలుకుతున్న పెండ్లాం ఐలవ్వకు ఏదో కమురు వాసన వచ్చింది.

"ఏందయ్యా, ఏం కాలుతుంది?"

అతను చూసుకున్నాడు. చుట్ట కొస వెనక్కి కాలుకుంటూ వచ్చి బొటనవేలి దగ్గర ఆగింది. వేలి కండ నల్లబడి, పక్కన తెల్లగా పొక్కింది. అతనికి చీమ కుట్టినట్టయినా లేదు.

ఐలవ్వ చేతిలో తెడ్డు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత మొగుడి మోచెయ్యి తిప్పి చూసింది. అక్కడ ఆర్నెల్ల నుంచి రాగి రంగు మచ్చ ఒకటి ఉంది. తామర అనుకుని సీతాఫలం ఆకు నూరి రాస్తున్నారు. ఇద్దరికీ తెలిసిపోయింది. ఆ పేరు ఇద్దరూ నోట పలకలేదు. పెద్దరోగం అన్న మాట ఇంట్లో అంటే ఇంట్లోకే వస్తుందని భయం. రాకముందే కదా భయపడాలి, వచ్చినాక భయపడి ఏం లాభం?

ఐలవ్వ పుట్టిన ఊళ్లో ఒక సాలాయనకు ఇదే వస్తే వాగవతల గుడిసె వేసి అందులో ఉంచారు. అన్నం ముద్ద కట్టె కొసకు కట్టి అందించేవారు. అతని పెండ్లాం బావి దగ్గరికి వస్తే మిగతా ఆడవాళ్లు కడవలు ఎత్తుకుని పోయేవారు. వాళ్లింట్లో నేసిన చీర ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఐలవ్వకు అవన్నీ కండ్ల ముందర తిరిగాయి.

"బేలు దగ్గరికి ఇగ పోకు" అంది.

"పోకపోతే ఎందుకని అడుగుతరు."

"పోతే మరి గొంగడి మీద రాకి చూడు."

"ఇన్నేండ్లు లేని గొంగడి ఇప్పుడు అడిగితే, నీ ఏలుకు ఏమైందిరా అంటరు. అప్పుడేం చెప్పాలె?" అన్నాడు రాయమల్లు.

అందుకని అతను పోయాడు. పోగు పట్టుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు. వేళ్ల నడుమ ఏమీ లేదు. గాలి పట్టుకున్నట్టే ఉంది. మిల్లు ముద్ర చూసి, నూలు రంగు చూసి ఉజ్జాయింపుగా చెప్పాడు. మొదటి మూడు బేళ్లూ మంచివే వచ్చాయి, బతికిపోయాడు. నాలుగోది ఉట్నూరు హాస్టల్ పిల్లల అంగీల కోసం వచ్చిన పెద్ద బేలు. దాన్ని కూడా పట్టి చూసి "పది ఉతుకులు" అన్నాడు. ఎర్ర దారం కట్టాడు. ముడి వేసేటప్పుడు దారం రెండుసార్లు జారిపోయింది, ఎవరూ గమనించలేదు.

ముప్పై నాలుగు మగ్గాలు రెండు నెలలు ఆ నూలే నేశాయి.

దీపావళి దాటిన వారానికి ఉట్నూరు నుంచి జీపు వచ్చింది. దిగిన అధికారి ఒక మూట తెచ్చి సంఘం అరుగు మీద గుమ్మరించాడు. అన్నీ చిన్న చిన్న అంగీలు. ఒంటినిండా ఉండలే! మెడపట్టీల దగ్గరయితే గరుకెక్కి, చూస్తేనే దురద పుట్టేలా ఉన్నాయి.

"మూడో ఉతుకుకే ఈ సింగారం. పిల్లల మెడలు పుండ్లు పడ్డాయి," అన్నాడు. "ఇంకొక్క బేలు ఇస్తాం. ఆ బట్ట కూడా ఇట్లాగే వస్తే మీ వాడకు ఇక నూలు రాదు."

ఆ బేలును అరుగు మీద దింపి జీపు పోయింది. వాడ వాడంతా రాయమల్లు వైపు తిరిగింది. ఇరవై ఏండ్లు తప్పని వేలు ఇప్పుడెందుకు తప్పుతుంది? మేసి ఉంటాడు! నూలు తెచ్చే షావుకారి మనిషి ఏదో ముట్టజెప్పి ఉంటాడు. మధ్యాహ్నానికల్లా అనుమానం పోయి అదే నిజమైపోయింది. మర్నాడు పొద్దున మార్కండేయ గుడి ముందు పంచాయితీ అన్నారు.

రాయమల్లు ఇంట్లో మొగుడూపెండ్లాలు పొయ్యి ముందర కూర్చున్నారు.

"తిన్ననని ఒప్పుకుంట," అన్నాడతను. "దొంగోడంటే ఏడాది తిట్టి మర్చిపోతరు. గదని తెలిస్తే మర్వరు. నిన్ను గూడ బావి ఎక్కనియ్యరు."

"నువ్వు ఒక్కనాడూ ఒకళ్ల సొమ్ము తినలేదే," అని ఐలవ్వ ఏడ్చింది. అంతకన్నా ఏమనగలదు? ఇది కడుపు చించుకుంటే కాళ్ల మీద పడే సంగతి.

పంచాయితీలో వాడ పెద్దమనిషి సిద్దిరాములు అడగడమే తడవు, రాయమల్లు లేచి "తిన్న. షావుకారి మనిషి పెట్టింది తిని దారం కట్టిన. ఏడాది నా మగ్గం ఆపుండ్రి," అన్నాడు. చాలా బాగా చెప్పాడు.

అంతా అనుకున్నట్టే అయిపోయేది, లచ్చయ్య లేవకపోతే. లచ్చయ్య ఐలవ్వ తమ్ముడు. బావ అంటే ప్రాణం. బావ చేతి కింద నేత నేర్చుకున్నవాడు.

"అబద్దం! మా బావ ఎవర్నో కాపాడుతుండు," అని అరిచాడు. "కర్పూరం పట్టకుండ మగ్గం ఆపే రివాజు మన వాడల ఎప్పుడన్న ఉన్నదా? పట్టనియ్యుండ్రి. తెలిసిపోతది."

అది నిజమే. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, కుడి అరచేతిలో కర్పూరం వెలిగించి ఆరేదాకా పట్టాలి. తప్పు చేసినవాడి చెయ్యి ఆగదు, విదిలిస్తాడు. తప్పు లేనివాణ్ని మార్కండేయుడు కాస్తాడు. వాళ్ల తాతల నుంచీ అదే నమ్మకం.

"నాకొద్దు, ఒప్పుకున్న గదా!" అన్నాడు రాయమల్లు.

"ఒప్పుకున్నా పట్టాలె" అన్నాడు సిద్దిరాములు.

అరచేతిలో కర్పూరం బిళ్ల పెట్టి అంటించారు. మంట లేచింది. రాయమల్లు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి విదిలించాలి, సరే. ఎప్పుడు విదిలించాలి? మరీ ముందే విదిలిస్తే నాటకమంటారు. మంట ఏ పాటికి నొప్పి పుడుతుంది? ఎంత తలుచుకున్నా అతనికి గుర్తు రాలేదు. చిన్నప్పుడు పొయ్యిరాయి ముట్టుకుని ఏడ్చినట్టు తెలుసు, ఆ నొప్పి ఎట్లా ఉండేదో మాత్రం తెలియదు.

అతను ఐలవ్వ కోసం చూశాడు. ఆమె ముఖం చూస్తే చాలు, ఆమెకు నొప్పి పుట్టినప్పుడే తాను అబ్బా అందామని. ఆడవాళ్ల నడుమ ఆమె కనిపించింది. కానీ పెండ్లాం కదా, చూడలేకపోయింది. కొంగు ముఖం నిండా కప్పుకుని గోడవైపు తిరిగిపోయింది.

మంట సన్నబడింది. ఇప్పుడా? ఇంకొంచెం ఆగా? కాలిన తోలు వాసన లేచింది. అతను తటాలున చెయ్యి విదిలించేసరికి కర్పూరం ఆరిపోయి ఉంది. నల్లటి మసి రాలిపడింది, అంతే.

ఒక్కసారిగా గుడి ముందర గోల లేచింది. "సత్తెం! సత్తెం!" అని ఆడవాళ్లు చేతులెత్తి మొక్కారు. లచ్చయ్య ఏడుస్తూ వచ్చి బావను వాటేసుకుని, భుజం మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడ్డాడు. సిద్దిరాములు కండువా తీసి "తప్పయింది రాయమల్లూ. ఆ పోగు నీకు అబద్దం చెప్పింది, నువ్వు మాకు చెప్పలే," అన్నాడు.

రాయమల్లుకు ఆ క్షణాన నిజంగానే దేవుడున్నాడేమో అనిపించింది. ఉన్నాడు, కాకపోతే ఎవరి పక్కన ఉన్నాడో తెలియలేదు.

అంతలో సంఘం అరుగు మీది కొత్త బేలు నుంచి ఒక చిలప తెచ్చి అతని చేతిలో పెట్టారు. వెంట ఎర్ర దారం కూడా.

"శుభం పలుకు. ఎన్ని ఉతుకులు?"

అతను పోగు పట్టుకున్నాడు. కళ్లు మూసుకోలేదు. ఎనిమిది అంటే సరిపోతుంది. ఇల్లు నిలుస్తుంది, ఐలవ్వ బావికి పోతుంది, సాయంత్రం లచ్చయ్య వచ్చి తమతోనే తింటాడు. అరుగు మీద నిన్నటి చిన్న అంగీలు ఇంకా కుప్పగా పడి ఉన్నాయి. ఇదే ఆఖరి బేలు. ఇది చెడితే ముప్పై నాలుగు మగ్గాలూ ఆగిపోతాయి. ఇరవై ఏండ్లు ఆ వేలి మాట మీద బతికిన ముప్పై నాలుగు ఇండ్లు!

"గొంగడి తెండ్రి," అన్నాడు రాయమల్లు.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. సిద్దిరాములు అతని అరచేతి వైపు చూశాడు. అంత పెద్ద పొక్కు లేచింది. దాని మీదే చిలప ఒరుసుకుంటోంది, మనిషి ముఖంలో ఏ మార్పూ లేదు. ముసలాయన చూపు మెల్లగా మోచెయ్యి మీది మచ్చకు ఎక్కింది.

"రాయమల్లూ... కాలలేదా నీకు?"

"తెలుస్తలేదన్నా. ఆర్నెల్ల సంది ఏం తెలుస్తలేదు. మంటా తెల్వది, పోగూ తెల్వది."

అతని భుజం మీది నుంచి లచ్చయ్య చెయ్యి తీసేశాడు.

జనం వెనక్కి జరిగారు. ఎంత జరిగారంటే, గుడి ముందర ఒక మగ్గం పట్టేంత చోటు ఖాళీ అయింది. ఐలవ్వ ఆ ఖాళీలోకి వచ్చింది. ఎవరి గొంగడో అరుగు మీద ఉంటే తీసుకుంది, మొగుడి చేతిలో చిలప తీసుకుంది, నేల మీద కూర్చుని రాకడం మొదలుపెట్టింది. నూరుసార్లు రాకింది. తెల్లటి నూగు గొంగడి మీద పొగమంచులాగ పేరుకుంది.

"రెండే రెండు ఉతుకులు," అంది. "వట్టి తుక్కు నూలు. తిప్పి పంపుండ్రి, నెయ్యకుండ్రి."

ఆమె చిలపను గుడి మెట్టు మీద పెట్టి మొగుణ్ని తీసుకుని ఇంటికి పోయింది. వాళ్లు మలుపు తిరిగాక ఆ చిలపను ఒకరు కట్టెతో ఎత్తి కాల్చేశారు, గొంగడినీ కాల్చేశారు, మెట్టు మీద పేడనీళ్లు చల్లారు. మిగిలిన బేలును ఇంటింటికీ పంచుకున్నారు. పెద్దరోగం ఇంటి మాట పట్టుకుని మంచి నూలు వదులుకుంటారా ఎవరన్నా? అదీ వాళ్ల తెలివి!

మూడు రోజులకు వాగవతల గుడిసె లేచింది. రాయమల్లును ఒక్కణ్నే పొమ్మన్నారు, ఐలవ్వ వెంట పోయింది.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున లచ్చయ్య వాగు ఇవతలి ఒడ్డుకు వచ్చి నిలబడ్డాడు. నెత్తి మీద మూట ఉంది. ఐలవ్వ గుడిసె ముందర మొగుడి అరచేతి పుండుకు వేపాకు కడుతోంది.

"అక్కా," అని పిలిచాడు. "ఉట్నూరు బట్ట మళ్ల తిరిగొచ్చింది. సంఘం మూసిండ్రు. సగం వాడ బివండి మరమగ్గాలకు పోతున్నం."

ఐలవ్వ తలెత్తలేదు. రాయమల్లే గొంతెత్తి అడిగాడు.

"ఎన్ని ఉతుకులకు ఉండలు కట్టిందిరా?"

వాగులో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు, దాటి రావచ్చు. లచ్చయ్య దాటలేదు.

"రెండో ఉతుకుకే బావా," అన్నాడు. మూట సర్దుకుని చెన్నూరు బాట పట్టాడు.