అన్నీ ఉన్నాయన్నాను

నేను ఒక పిరికి ప్రోగ్రాంని. భయపడటమే నా ఉద్యోగం. కొత్త వెబ్‌సైట్‌ని సర్వర్ మీదికి ఎక్కించే ముందు, పెళ్ళికొడుకు గురించి ఆరా తీసినట్టు, ఆ సర్వర్‌లో కావలసినవన్నీ ఉన్నాయా అని చూస్తాను. చోటు చాలుతుందా? డేటాబేస్ పలుకుతోందా? మెసేజ్‌లు బయటికి పోతున్నాయా? ఉంటే పచ్చ గుర్తు, లేకపోతే ఎర్ర గుర్తు.

నన్ను రాసింది విజయవాడలో ఒక చిన్న కంపెనీలో పనిచేసే మాధురీలత. "ఏమాత్రం అనుమానం వచ్చినా ఎర్ర గుర్తు పెట్టెయ్, మొహమాటపడకు" అనేది నాతో, కీబోర్డు కొడుతూ. నా భయానికి విలువిచ్చిన మనిషి ఆవిడొక్కతే.

తరవాత రక్తదాతల వెబ్‌సైటు వచ్చింది. రక్తం కావలసినవాళ్ళు అందులో అడిగితే చాలు, చుట్టుపక్కల దాతలందరి ఫోన్లకూ మెసేజ్ వెళ్ళాలి. ప్రారంభోత్సవం రోజున మాధురీలత జ్వరమొచ్చి సెలవు పెట్టింది. మేనేజర్ సత్యమూర్తిగారు నన్ను నడిపించారు. చూద్దును కదా, ఆ సర్వర్ నుంచి ఒక్క మెసేజ్ కూడా గడప దాటడం లేదు! ఎర్ర గుర్తు పెట్టాను.

"శుభమా అని మొదలుపెడుతుంటే ఈ ఎర్ర గుర్తేంటయ్యా బాబూ? రక్తదాతల సంఘం ప్రెసిడెంటుగారు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు. వర్జ్యం వచ్చేస్తోంది. దాన్ని పచ్చ చేసెయ్, మెసేజ్‌ల సంగతి రేపు చూద్దాం" అన్నారాయన పక్కనున్న ఉద్యోగితో.

అతను నా లోపల ఒక్క వాక్యం మార్చాడు. మెసేజ్‌లు పోతున్నాయో లేదో చూడకుండానే పోతున్నాయని చెప్పాలట. తెర నిండా పచ్చ గుర్తులు, గది నిండా చప్పట్లు. రేపు వచ్చింది, వెళ్ళింది, ఎవరికీ గుర్తు రాలేదు. మాధురీలతకి ఎవరూ చెప్పనూ లేదు. నాకు మాత్రం ఆనాటి నుంచీ వణుకు తగ్గలేదు.

ఇవాళ మధ్యాహ్నం, సైటు అడుగున ఉన్న నంబరు చూసి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. మాధురీలత ఎత్తింది.

"అమ్మా, మా అమ్మాయికి కాన్పు కష్టమైంది. రక్తం కావాలని మీ సైట్లో పెట్టాను. ఇంతవరకూ ఒక్కళ్ళూ ఫోన్ చెయ్యలేదు తల్లీ. ఇంకెక్కడికైనా పరిగెత్తనా, ఇక్కడే ఉండనా?"

"ఒక్క నిమిషం బాబాయ్‌గారూ" అని ఆవిడ నన్ను నడిపించింది.

నేను హడలిపోయాను. తల్లీ, నన్ను నమ్మకు, నా లోపలి ఆ వాక్యం ఒక్కసారి తెరిచి చూడు అని ఎంత అరిచినా, నా అరుపు పచ్చ గుర్తుగానే బయటికొచ్చింది.

"అంతా బాగానే ఉందండీ. దాతలకి మెసేజ్ వెళ్ళిపోయింది. మీరు అక్కడే ఉండండి, ఎవరో ఒకరు చేస్తారు" అంది, ఎంతో ఆప్యాయంగా.

"మంచిదమ్మా. అయితే ఇక్కడే కూర్చుంటాను" అన్నాడాయన.