ఎదిగే పిల్లవాడి తుపాకీ

ఆ శుక్రవారం ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు ఆరుగురు. ముందు గదిలో బాబా, అంటే ఇంటి యజమాని. ఆయన పక్కన గోడకానుకుని ఆయన తల్లి. ఇంటిల్లిపాదీ ఆమెను జద్దా అంటారు, మనం జేజి అన్నట్టు. వాళ్ళకెదురుగా తుపాకుల కొట్టు నడిపే అబూ ఫరాజ్. మేడ మీద ఇంటావిడ నూరా; పనివాళ్ళకు ఆమె మామా. వంటింట్లో కోనసీమ నుంచి వచ్చిన ఉమాదేవి, రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చిన మహబూబ్బీ. లేనివాడు ఇంటి కొడుకు తుర్కీ ఒక్కడే. వాడికి తెలియకుండా వాడికి తుపాకీ కొనాలనే ఆ రోజు వాణ్ణి మేనమామల తోటకు పంపారు.

తుర్కీకి పదహారు నిండబోతున్నాయి. ఆ ఈడు రాగానే మగపిల్లవాడికి తొలి వేట తుపాకీ ఇవ్వడం ఆ ఇంట్లో తాతల నాటి ఆనవాయితీ. సౌదీలోని ఆ హాయిల్ ఊరి చుట్టూ కనబడ్డ లేడినల్లా కొట్టే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు పర్మిట్ తీసుకుని, కంచె వేసి పెంచే చోటికి పోయి ఒక్క లేడిని కొట్టి రావాలి. వచ్చే నెల ఆ ప్రయాణం.

మహబూబ్బీకీ పదహారే. ఆ సంగతి ఆ ఇంట్లో ఉమాదేవికి ఒక్కతెకే తెలుసు. పాస్‌పోర్టు ప్రకారం ఆమెకు ఇరవై ఆరు. "పేరు మీ జేజిది, వయసు ఏజెంటుది, నీదంటూ ఏముందే నీ దగ్గిర" అని ఉమాదేవి ఎగతాళి చేసేది.

మహబూబ్బీ వాళ్ళమ్మ కువైట్‌లో ఒక మేడ మెట్లు కడిగి కడిగి మోకాలు పాడు చేసుకుని ఇంటికి చేరింది. నాయన బాబ్జాన్ పరుపులు కుట్టేవాడు. ఏళ్ళ తరబడి పీల్చిన దూది దుమ్ము ఛాతీలో చేరి, ఇప్పుడు వీధి చివరి దాకా నడిస్తే ఆయాసం. ఇంట్లోంచి ఎవరో ఒకరు కదలక తప్పలేదు. అమ్మ మోకాలికి గుడ్డ చుట్టుకుని మళ్ళీ ప్రయాణానికి లేస్తే, పదో తరగతి పరీక్షలు రాసిన వారంలోనే మహబూబ్బీ తనంతట తాను ఏజెంటు ఇంటికి పోయి నిలబడింది. రెండేళ్ళ ఒప్పందం. అందులో ఏడాది గడిచింది. మిగిలిన ఏడాది కూడా ఎవరికీ అనుమానం రాకుండా గడిస్తే చాలు. అమ్మ మళ్ళీ విమానం ఎక్కే పని ఉండదు.

చిక్కల్లా ఆమె ఎదుగుతూ ఉండడమే. వచ్చినప్పుడు మామా ఇచ్చిన బూడిద రంగు గౌను మడమల దాకా ఉండేది. చలి మొదలయ్యేసరికి చీలమండలు బయటపడ్డాయి. ఉమాదేవి అంచు మడత విప్పి కిందికి దించి కుట్టింది. మళ్ళీ రెండోసారి విప్పాల్సి వచ్చింది.

"మడత అయిపోయింది. ఇంక ఎదక్కే తల్లీ" అంది ఆ రోజు, దారం పంటితో కొరుకుతూ.

"నేనేమన్నా కావాలని ఎదుగుతాండానా అక్కా."

"మరి నా వాటా చేప ముక్కలు కూడా తినేత్తన్నావ్. ఊరికే పోతాయా అవి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత మహబూబ్బీ మనుషుల ముందు కాస్త వంగి నడవడం అలవాటు చేసుకుంది.

గావా కాఫీ కూజా పట్టుకుని ఆమె ముందు గదిలోకి వెళ్ళేసరికి తివాచీ మీద రెండు తుపాకులు పడుకోబెట్టి ఉన్నాయి. ఒకటి నున్నటి చెక్కది, పొడుగైనది. ఇంకొకటి నల్లది, పొట్టిది. బాబా చూపు చెక్కదాని మీద ఉంది.

"మా నాన్న నాకిచ్చింది ఇలాంటిదే" అన్నాడు.

"ఇచ్చాడు. ఏం లాభం" అంది జద్దా. "మొదటిసారి పేల్చినప్పుడు అది వెనక్కి తన్నిన తన్నుకు నీ భుజం కమిలిపోయింది. రెండోసారి కళ్ళు మూసుకుని పేల్చావు. నువ్వు కొట్టింది లేడినా, పక్క తోట వాళ్ళ నీళ్ళ ట్యాంకునా?"

అబూ ఫరాజ్ గడ్డం కింద నవ్వు దాచుకున్నాడు. "పిల్లాడికి తేలికదే మంచిది. ఈ నల్లది మెల్లగా తంతుంది. కాని కొలత చూసుకోకుండా చెప్పలేను. చెయ్యి పొడుగు చూడాలి, భుజం చూడాలి. తుర్కీ ఉంటే..."

"వాడుంటే ఇంక చాటుగా కొనడం ఎందుకు" అన్నాడు బాబా.

జద్దా గావా గ్లాసు అందుకుంటూ తల ఎత్తింది. మహబూబ్బీని పాదాల నుంచి తల దాకా చూసింది.

"ఈ పిల్ల వాడంతే ఉంది. కూజా కింద పెట్టు బిడ్డా."

బాబా ఇబ్బందిగా కదిలాడు. "పనిపిల్ల చేతికి తుపాకీ ఎందుకమ్మా."

"నేను లేనా. ఖాళీ తుపాకీ, దానికేం భయం."

అబూ ఫరాజ్ తుపాకీ తెరిచి లోపల గుండు లేదని చూపించి, జద్దాకు అందించాడు. మహబూబ్బీకి తుపాకీ కొత్త కాదు. ఊళ్ళో చెనిక్కాయ చేలల్లో అడవిపందుల కావలికి ఖాజావలి మామ నాటు తుపాకీ భుజాన వేసుకుని పోతుంటే, వెనకాల టార్చిలైటు పట్టుకుని పోయేది. కూజా కింద పెట్టి నిలబడింది.

జద్దా మోకాళ్ళ మీద చేతులూని లేచింది. మహబూబ్బీ మోచేయి మడిచి, తుపాకీ వెనక కొసను ఆ మడతలో ఆనించి, "వేలు చాపు" అంది. చెక్క తుపాకీ ట్రిగ్గర్ వేలికి అందలేదు. నల్లదాన్ని పెడితే సరిగ్గా వేలి మొదటి కణుపు వచ్చి దాని మీద కూర్చుంది.

"ఇప్పుడు భుజానికెత్తు. వంగకు. నిటారుగా నిలబడు."

ముసలి వేళ్ళు ఆమె మెడ ఎముక కింద గుంట ఎక్కడుందో వెతికాయి. గట్టిగా, ప్రేమగా నొక్కాయి. పండక్కి రవికె కుట్టించేటప్పుడు అమ్మ ఇలాగే ఒంటి మీద వేళ్ళు పెట్టి కొలిచేది. ఏడాదిగా మహబూబ్బీని అలా తాకిన మనిషి లేదు. ఆ వేళ్ళ కింద ఆమెకు ఏమయిందో ఏమో, వెన్ను దానంతటదే నిలబడింది. ఉన్నంత పొడుగూ నిలబడింది. చెంప నల్ల తుపాకీకి ఆనించి, ఒక కన్ను మూసి, కిటికీ అవతల ఖర్జూరపు మట్టను చూసింది.

"బాగా పట్టింది" అన్నాడు బాబా. ఆ ఇంట్లో ఆయన ఆమెను మెచ్చుకోవడం అదే మొదటిసారి.

"తుర్కీకి సరిపోయినట్టే" అన్నాడు అబూ ఫరాజ్ హుషారుగా. "పైగా చూడండి, వెనక ఈ ముక్కలు తీసి పెట్టుకోవచ్చు. పిల్లాడు ఎదిగేకొద్దీ ఒక్కొక్క ముక్క చేర్చుకుంటూ పోవడమే. పిల్లల బట్టలకు అంచు మడిచి కుట్టి, ఏటేటా విప్పుతాం చూడండి, అలాగన్నమాట."

జద్దా నవ్వబోయింది. నవ్వుతూనే ఆమె చూపు కిందికి జారింది. మహబూబ్బీ గౌను అంచున రెండు చారలున్నాయి. గౌనంతా ఉతికి ఉతికి వెలిసిపోయింది. మడతలో దాగిన బట్ట మాత్రం కొత్తదిలా ముదురు రంగులో ఉంది. ఒక చార వెడల్పుగా, దాని కింద ఇంకొకటి మరీ ముదురుగా.

ముసలమ్మ నవ్వు ఆగిపోయింది. తుపాకీ తీసుకుని కొడుకు చేతికిచ్చింది.

"నల్లదే తీసుకో. ఇద్దరూ బయటికెళ్ళి వెలుతుర్లో ఇంకోసారి చూసుకోండి."

మగవాళ్ళు వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"నీ వయసెంత?"

"ఇరవై ఆరు, జద్దా." అరబీలో ఆ ముక్క మహబూబ్బీ విమానం ఎక్కకముందే నేర్చుకుంది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

"ఇరవై ఆరేళ్ళ ఆడది లావవుతుంది గాని పొడుగవదు. నేను పిల్లల్ని కని పెంచినదాన్ని." గొంతులో కోపం లేదు. అదే మహబూబ్బీని భయపెట్టింది. "నిజం చెప్పు బిడ్డా. ఎవరూ నిన్నేమీ అనరు. విమానం ఎక్కించి మీ అమ్మ దగ్గరికి పంపిస్తా."

రాత్రిళ్ళు దుప్పటి ముసుగులో ఆమె కోరుకునేది సరిగ్గా అదే మాట. పగలు భయపడేదీ ఆ మాటకే. కళ్ళ ముందు అమ్మ మోకాలికి గుడ్డ బిగించి కట్టుకుంటూ కనబడింది.

"ఇరవై ఆరు" అంది మళ్ళీ.

జద్దా ఉమాదేవిని కేకేసింది. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఈ కుట్టు నీదేనా?"

ఉమాదేవి గౌను అంచు వంక చూసింది. మహబూబ్బీ ముఖం వంక చూడలేదు. చేతిలో తుడుపుగుడ్డను నలిపి నలిపి, చివరికి అంది.

"పదహారు, జద్దా. వచ్చినప్పుడు పదిహేను."

మామాను కిందికి పిలిచారు. మామా చెడ్డ మనిషి కాదు. మహబూబ్బీని తిట్టలేదు, మనిషిని పంపిన ఆఫీసు వాళ్ళను తిట్టింది. పిల్ల చేత చాకిరీ చేయించుకుందని రేపు చుట్టాల్లో అంటే తన పరువేం కాను అంది. ఆఫీసు వాళ్ళే ఈ పిల్లను తీసుకుపోయి మారుమనిషిని ఇవ్వాలి అంది.

మహబూబ్బీ ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు కనుక ఉన్నదంతా చెప్పేసింది. తనకు తెలిసిన అరబీ సరిపోయినంత మేరా చెప్పింది.

"పంపొద్దు మామా. నేను పోతే నా బదులు మా అమ్మ రావాలి."

మామా తిట్టడం ఆపింది.

"మీ అమ్మ వయసెంత?"

"నలభై."

"ఇంతకు ముందు ఇలాంటి ఇళ్ళలో చేసిందా?"

"కువైట్‌లో చేసింది."

"అరబీ వచ్చా?"

"నాకంటే బాగా వచ్చు." అన్నాక గాని తాను ఎటు నడిచిపోతోందో మహబూబ్బీకి తెలియలేదు.

మామా అత్తగారి వైపు తిరిగింది. ముఖం తేటపడింది. "అయితే ఇంకేం. తెలిసిన ఇంటి మనిషే అవుతుంది."

"మంచి మాట" అంది జద్దా. "తల్లి పని చేయాలి, బిడ్డ ఇంట్లో ఉండాలి. మొదటి నుంచీ అలాగే ఉండాల్సింది."

"అమ్మకు మోకాలు బాగాలేదు. మెట్లు ఎక్కలేదు."

"మనింట్లో ఎన్ని మెట్లున్నాయని" అంది మామా, మేడ మెట్ల కేసి తిరిగి చూస్తూ. "నెమ్మదిగా చేసుకోమను. నేనేమీ తొందరపెట్టేదాన్ని కాదు."

సాయంత్రపు అస్ర్ నమాజు తర్వాత తుర్కీ వచ్చాడు. పనివాళ్ళ గది వాకిట్లో నిలబడ్డ మహబూబ్బీకి పెరటి సందడంతా వినబడుతోంది. తుపాకీ చూడగానే వాడు కేక పెట్టాడు. భుజానికెత్తితే అచ్చు వాడికోసం చేసినట్టు పట్టింది. ఇంత సరిగ్గా ఎలా కుదిరిందని వాడు అడుగుతున్నాడు. బాబా ఏదో చెప్పబోతే జద్దా అడ్డుపడింది.

"నిన్ను పెంచిన చేతులురా ఇవి. నీ కొలత నాకు తెలీదా."

ఉమాదేవి ఫోను చేతిలో పట్టుకుని వచ్చింది. ప్రతి శుక్రవారం మహబూబ్బీ అమ్మతో మాట్లాడేది ఆ ఫోన్లోనే.

"ఏమిటికి చెప్తివక్కా."

"నా కుట్టు చూపించి నన్నే అడిగింది. అబద్దమాడితే ఇద్దరం పోయేవోళ్ళం. నాకూ ఓ పిల్లుందే." ఉమాదేవి మెట్ల వైపు చూసింది. "మీ అమ్మతో నన్ను మాట్టాడమంది మామా. అదిగో, మెట్ల మీంచి చూత్తంది."

"నేనే మాట్లాడ్తా, ఈయక్కా. రావద్దని చెప్తా."

"నువ్వు ఏడుత్తావ్. ఆవిడా ఏడుత్తాది. రావద్దంటే మానేత్తాదా ఆవిడ? నువ్వు మానేవా?"

మహబూబ్బీ చెయ్యి చాపింది. ఉమాదేవి ఆ చేతిని మెల్లగా పట్టుకుని ఆమెను గదిలోకి నెట్టింది. అవతల ఫోను మోగుతోంది. మోగడం ఆగి, దూరం నుంచి నవ్వు నిండిన గొంతు పలికింది. కూతురే అనుకుని, మేకకు మేత వేసి వచ్చేసరికి ఆలస్యమయిందని అప్పుడే చెప్పడం మొదలుపెట్టింది.

"అక్కా, నేను ఉమాదేవిని" అంది ఉమాదేవి. "ఆఁ, పిల్ల బానే ఉంది. ముందు నీ మోకాలెలా ఉందో చెప్పు."

అంటూనే ఖాళీగా ఉన్న చేత్తో తలుపు లాగి మూసేసింది.