స్తుతి అరలో పడిన చీటీ

నేను ఒక చెక్క పెట్టెను, ఎవరినీ ఓ పట్టాన నమ్మని పెట్టెను. ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి. వీరాచారి అనే వడ్రంగి శవపేటిక కోసం తెచ్చిన టేకులో మిగిలిన ముక్కలతో నన్ను చేశాడు. ఆ సంగతి గుడి వాళ్లకు చెప్పలేదు. దేవుడి పని కదా, ఏరి కోరి తెచ్చిన చెక్క అని మాత్రం అన్నాడు. ఆ రోజే మనుషుల మాట మీద నాకు గురి పోయింది.

రేపల్లె దగ్గర ఒక చిన్న ఊళ్లో, గుడి గుమ్మం పక్క గోడకు నన్ను బిగించారు. లోపల రెండు అరలు, పైన రెండు సందులు. ఎడమ సందు మీద 'విన్నపం' అనీ కుడి సందు మీద 'స్తుతి' అనీ తెల్ల రంగుతో రాశారు. ఏదైనా కావలసినవాళ్లు చీటీ రాసి ఎడమవైపు వేయాలి. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరు జయశీలరావు అయ్యగారు వాటి కోసం ప్రార్థిస్తారు. అడిగింది జరిగినవాళ్లు కుడివైపు వేయాలి. వాటిని ఆదివారం చదివితే సంఘమంతా చప్పట్లు కొట్టి స్తోత్రం అంటుంది.

ఎడమ అర ఎప్పుడూ కిక్కిరిసి ఉండేది. కుడి అరలో బల్లులు గుడ్లు పెట్టుకునేవి. చీటీలు చదివేకొద్దీ నా అనుమానం ముదిరింది. కోడలికి బుద్ధి రావాలని ఒకావిడ వేస్తే, అదే వారం, అదే నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద అత్తకు బుద్ధి రావాలని కోడలు వేసేది. 'నీ చిత్తమైతే' అని మొదలుపెట్టి, తన చిత్తమేమిటో కాగితానికి రెండు వైపులా రాసేవాడు ఒకాయన. కూతురి పెళ్లి కుదరాలని వేసిన మనిషే మెట్లు దిగకముందే పక్కవాడితో, మనకంత అదృష్టం ఎక్కడిదిలే అనేవాడు. అడిగేదీ వీళ్లే, రాదని తేల్చేదీ వీళ్లే. అయ్యగారు మంచివారే కానీ, ఆయన కూడా కుడి అర తాళం తీయడం ఎప్పుడో మానేశారు. అందులో ఏదైనా ఉంటుందని ఆయనకే ఆశ లేదు.

దయామణి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆమె భర్త ఏసుపాదం బస్సు కండక్టరు. ఆయన స్టాపు పేరు అరిస్తే రోడ్డు మీది గేదెలు కూడా పక్కకు తప్పుకునేవట. ఆ ఏడు ఏప్రిల్‌లో పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మళ్లీ స్వాధీనంలోకి వచ్చాయి కానీ మాట పడిపోయింది. మనుషులకు మొహం చూపించలేక ఆయన గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని గుమ్మం దగ్గర ఆడవాళ్లు చెప్పుకునేవారు.

జూన్‌లో ఒక ఆదివారం దయామణి కుడి సందులో చీటీ వేసింది. 'మా ఆయన ఏసుపాదానికి మాట ఇచ్చినందుకు స్తోత్రం.' నాకు అనుమానమొచ్చింది. పొద్దున్నే గదా ఆయన ఇంకా మూగగానే ఉన్నాడని విన్నాను! సందు తప్పి వేసిందా, లేక పదిమందిలో పేరు కోసమా?

రెండు వారాలు ఆ చీటీ బల్లుల మధ్యే ఉంది. మూడో ఆదివారం ఆమే అడిగింది, నా చీటీ ఎందుకు చదవలేదని. అయ్యగారు సిగ్గుపడి గబగబా తాళం తీసి, తానైనా ముందు చూసుకోకుండా అందరి ముందూ చదివేశారు. గుడి మారుమోగింది. ఆరాధన కాగానే సంఘమంతా అరటిపళ్లు పట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది. ఏసుపాదం వాళ్లను చూసి నోరు తెరిచాడు. ఏదో బొంగురు చప్పుడు తప్ప మాట రాలేదు. కన్నీళ్లు పెట్టుకుని మళ్లీ గోడవైపు తిరిగాడట.

సాయంత్రం ఆమెను పిలిపించి నా పక్కనే నిలబెట్టారు. ఇప్పుడు బయటపడుతుంది చూడు అనుకున్నాను.

"అబద్ధం ఎందుకు రాశావమ్మా?" అన్నారు అయ్యగారు.

"అబద్ధం కాదండి. ఏప్రిల్లోనే అడిగానండి, దేవుడు విన్నాడు. విన్నాక కూడా అడుగుతా ఉంటే వినలేదని నేనే అన్నట్టు కాదాండి? అందుకని స్తోత్రం చెప్పానండి."

"ఒకవేళ ఇవ్వకపోతే?"

"ఏం ఇయ్యాలో ఆయనకి తెలుసండి. ఇయ్యడేమో అనుకుంటా అడగటం మాత్రం నాకు రాదండి. మా ఆయన్ని నలుగురిలో ఏడిపించాను, ఆ తప్పు మాత్రం నాదే. ఇక పేరు రాయనండి."

ఆమె చీటీలు ఇకమీదట చదవకూడదని పెద్దలు తీర్మానించారు. ఆమె మాత్రం మానలేదు. ప్రతి ఆదివారం కుడివైపు ఒకటి వేసేది. 'మాట ఇచ్చినందుకు స్తోత్రం', అంతే. నేను దొంగను కాపలా కాసినట్టు ఆమె అక్షరాలను కాపలా కాశాను. ఒకవారం అక్షరాలు వణికాయి, సిరా తడిసి అలుక్కుపోయింది. దొరికావు అనుకున్నాను. కానీ ఆ చీటీ పడింది కూడా కుడివైపే. వారానికి రెండుసార్లు భర్తను గుంటూరు తీసుకెళ్లి మాట నేర్పించే వైద్యం చేయిస్తోందని తెలిసి, అంత నమ్మకముంటే గుంటూరు ఎందుకని గొణుక్కున్నాను. ఇదే మాట ఒకావిడ పైకే అడిగింది. ఇచ్చేవాడు ఇస్తుంటే చెయ్యన్నా చాపొద్దా అంది దయామణి.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం అయ్యగారు అటూ ఇటూ చూసి, తన చీటీ ఒకటి కుడి సందులో జారవిడిచారు. 'ఆ తల్లికున్న నమ్మకం నాకూ ఇచ్చినందుకు స్తోత్రం.' తాళంచెవి ఆయన దగ్గరే ఉంది, తీయవలసిందీ ఆయనే. ఎవరి కళ్లు కప్పుతున్నారో నాకు అర్థం కాలేదు.

డిసెంబరు మొదట్లో రెండు ఆదివారాలు దయామణి కనబడలేదు. గుంటూరులో అక్క ఇంట్లో ఉండి వైద్యం చేయిస్తోందన్నారు. ఆ తర్వాతి శుక్రవారం బస్సు దిగి, చేతిలో సంచితోనే వచ్చి ఒక చీటీ వేసి వెళ్లిపోయింది. ఎడమవైపు. విన్నపం అరలో.

చూశారా, చివరికి దారికొచ్చింది అనుకున్నాను. గెలిచానని సంతోషించాలి కదా. సంతోషం రాలేదు, దుఃఖమొచ్చింది. ఆర్నెల్లుగా నేనూ ఆశపడుతున్నానని అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం అయ్యగారు తాళం తీశారు. చేతిరాత గుర్తుపట్టి, మడత విప్పడానికి జంకారు. అందులో ఇలా ఉంది: 'ప్రభువా, మా ఆయనకి మాటొచ్చి పది రోజులైంది. నిద్ర లేచింది మొదలు స్టాపుల పేర్లన్నీ అరుస్తా ఉన్నాడు. నాకు కాస్త ఓపిక ఇవ్వు.'

అయ్యగారు మెట్టు మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఆదివారం ఆమెను, మరి స్తుతి చీటీ వేయలేదేమమ్మా అని అడిగారు.

"అది ఆర్నెల్ల నుంచి చెబుతానే ఉన్నాను కదండి" అంది దయామణి.

ఇప్పుడు విన్నపాలన్నీ ఫోన్లలో వెళుతున్నాయి. నన్ను విరిగిన హార్మోనియం పక్కన సామాన్ల గదిలో పడేశారు. వైద్యం వల్ల వచ్చిందో, దేవుడే ఇచ్చాడో చెక్కముక్కనైన నేను తేల్చలేను. నా అనుమానం పూర్తిగా పోలేదు. అయ్యగారి చీటీ మాత్రం ఇంకా నా కుడి అరలోనే ఉంది, ఆయన తీయలేదు. క్రిస్మస్ వంటలకు పొయ్యి కిందకు కట్టెలు కావాలని నిన్న ఎవరో వచ్చి నన్ను తట్టి చూసి వెళ్లారు. కాపాడమని అడగాలా, కాపాడినందుకు స్తోత్రం చెప్పాలా అని పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను.