ఎర్ర నంబరు

సెల్ ఫోన్లు మన పల్లెల్లోకి కొత్తగా దిగిన రోజులవి. మొగల్తూరులో టవరు లేచి ఏడాది కూడా కాలేదు. అప్పటిదాకా కాయిన్ బాక్సు ముందు చిల్లర పట్టుకుని నిలబడ్డ జనం ఇప్పుడు జేబులోంచి ఫోను తీసి, "హలో, వినపడుతుందా అండీ!" అని వీధి దద్దరిల్లేలా మాట్లాడుతుంటే ఊరంతా పెళ్ళిసందడిగా ఉండేది. రొయ్యల చెరువు గట్టు మీద నుంచే రైతు భీమవరం ధర కనుక్కుంటున్నాడు. లేసు అల్లే ఆడవాళ్ళు నరసాపురం వ్యాపారితో ఇంట్లో కూర్చునే మాట్లాడుతున్నారు. ఎవరికి ఉత్సాహంగా ఉండదు చెప్పండి?

అందరికంటే ఎక్కువ ఉత్సాహం ఆటో తోలే అచ్చిబాబుది. మొగల్తూరు నుంచి నరసాపురానికి కాలువ గట్టు రోడ్డు మీద రోజూ అతని ఆటో తిరుగుతుంది. ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, మెడ ఒక పక్కకి వాల్చి, "ఆఁ, వచ్చేస్తన్నానండీ, అక్కడే నిలబడండి" అంటూ మలుపులు తిప్పేసేవాడు. ఆ నేర్పు చూసి ఎక్కినవాళ్ళు ముచ్చటపడేవారు. "బండి ఆపి మాట్లాడు నాయనా" అన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

అలాంటి రోజుల్లో ఒక పుకారు ఊరి మీద పడింది. ఫోను మీదికి ఎర్ర రంగులో ఒక నంబరు వస్తుందట. ఎత్తితే చెవిలోంచి మెదడులోకి ఏవో కిరణాలు దూసుకుపోయి, మనిషి అక్కడికక్కడే రక్తం కక్కుకుని పడిపోతాడట. ఉప్పాడలో ఎవరో పోయారని ఒకరంటే, కాదు పాలకొల్లులోనని ఇంకొకరు. చూసినవాళ్ళు లేరు, చెప్పనివాళ్ళు లేరు. రెండు రోజుల్లో ఊళ్ళో ఫోన్లన్నీ మూగబోయాయి.

ఆ ఉదయం అచ్చిబాబు ఆటోలో నలుగురు ఆడవాళ్ళు లేసు మూటలతో నరసాపురం బయలుదేరారు. వాళ్ళకి పెద్ద దుర్గాశ్రీ. పదిమంది చేత లేసు అల్లించి వ్యాపారికి చేరవేసే ఏజెంటు ఆమె. పక్కన కూర్చున్న సూరమ్మ ఆ చుట్టుపక్కల లేసు పనిలో చేయి తిరిగిన మనిషి. కొత్త డిజైన్ వస్తే ముందు ఆవిడే అల్లాలి.

"అమ్మాయ్, నీ ఫోను ఆపేశావా?" అంది సూరమ్మ.

"ఆపేశాను పిన్నీ. నాకు నమ్మకం లేదుగానీ మా అత్తగారు ఊరుకోలేదు."

"నేను మాత్రం ఆపలేదక్కా," అన్నాడు అచ్చిబాబు వెనక్కి తిరిగి. "ఆపితే బేరాలు పోతాయి. ఎర్రగా వస్తే ఎత్తను. అంతే కదండీ!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా ఆగకుండానే అతని జేబులో ఫోను మోగింది.

అచ్చిబాబు ఒక చేత్తో ఫోను తీశాడు. తెలియని నంబరు. ఆటోలో నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

"ఎర్రగా ఉందేంటి?" సూరమ్మ ముందుకి వంగింది.

"ఎండ పడుతుందండీ, కనపట్టం లేదు..." ఫోన్ని నీడలోకి తిప్పి, తల వంచి చూశాడు. "ఉండండి, నల్లగానే..."

"అచ్చిబాబూ, రోడ్డు!" దుర్గాశ్రీ కేక పెట్టింది.

అప్పటికే మలుపు దాటిపోయింది. ముందుచక్రం గట్టు అంచు ఎక్కింది, ఆటో పల్టీ కొట్టి కాలువలో పడింది.

గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న నీళ్ళవి. దుర్గాశ్రీ ఊపిరాడక కొట్టుకుంటూ పైకి తేలింది. ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు తల పైకెత్తారు. సూరమ్మ గట్టు గడ్డిని ఒక చేత్తో పట్టుకుని మూలుగుతోంది. అచ్చిబాబు కనపడలేదు. బోర్లాపడ్డ ఆటో కింద నీళ్ళు బుడబుడమంటున్నాయి.

"కింద ఉన్నాడే! పట్టండి, ఎత్తండి!" కేకేసింది దుర్గాశ్రీ.

నడుం లోతు నీళ్ళలో, కాళ్ళు బురదలో దిగబడుతుంటే, ముగ్గురు ఆడవాళ్ళూ ఆటో రేకు కింద భుజాలు పెట్టారు. కదల్లేదు. మళ్ళీ పెట్టారు. ఈసారి కాస్త లేచింది. దుర్గాశ్రీ మునిగి, చేతికందిన చొక్కా పట్టుకుని బలంగా లాగింది. తలకి గాయమై, నోట్లో బురదతో అచ్చిబాబు బయటికి వచ్చాడు. ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు.

పొలాల్లోంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. ఇద్దరి చేతుల్లో ఫోన్లున్నాయి.

"108కి కొట్టండి బాబూ!" అరిచింది దుర్గాశ్రీ.

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఆన్ చేస్తే ఆ నంబరు వస్తదేమోనండీ..."

దుర్గాశ్రీ గట్టు ఎక్కింది. తడిచేతులు పొలంవాడి తువ్వాలుకి తుడుచుకుని, అతని చేతిలోని ఫోను లాక్కుని, ఆన్ చేసి, నంబరు నొక్కింది. తెర వెలిగేసరికి చుట్టూ ఉన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. ఆమెకేమీ కాలేదు. అంబులెన్సు వచ్చింది.

నరసాపురం ఆసుపత్రిలో అచ్చిబాబు కళ్ళు తెరిచాడు. తలకి కుట్లు పడ్డాయి. సూరమ్మ కుడి మణికట్టు విరిగింది. చేతికి కట్టు కట్టి, మళ్ళీ లేసు సూది పట్టేదీ లేనిదీ ఇప్పుడే చెప్పలేమన్నారు.

అచ్చిబాబు దుర్గాశ్రీని దగ్గరికి పిలిచి, "అక్కా, ఆ నంబరే నన్ను పడేసిందని ఊళ్ళో అనుకుంటున్నారంట. అనుకోనీ అక్కా. నేను చూడక పడేశానంటే లైసెన్సు పోద్ది, ఇంక నా ఆటో ఎవరెక్కుతారు?" అని చేతులు పట్టుకున్నాడు.

పక్క మంచం మీద సూరమ్మ కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ ఈ మాటలన్నీ వింది. ఆ చెయ్యి చూసి దుర్గాశ్రీ అతనికి సరేనని మాట ఇవ్వలేకపోయింది.

ప్రాణభయం లేదని డాక్టర్లు పంపేస్తే, సాయంత్రానికి వాళ్ళు ఆసుపత్రి అంబులెన్సులో ఊరు చేరారు. చూద్దురు కదా, ఊరు ఊరంతా టవరు దగ్గరే ఉంది! "ఇవాళ అచ్చిబాబు, రేపు మనం! పడగొట్టండి!" అని కుర్రకారు గునపాలు పట్టుకుని కంచె ఊపుతున్నారు. లోపల జనరేటరు నడుస్తోంది, పక్కనే డీజిల్ పీపాలు. ఒక్క నిప్పురవ్వ పడితే ఎంతమంది మాడిపోయేవాళ్ళో ఎవరికీ పట్టలేదు.

కంచె ముందు అడ్డంగా నిలబడ్డాయన డాక్టరు దక్షిణామూర్తి గారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊరికి వైద్యం చేస్తున్న పెద్దమనిషి.

"డాక్టరు గారూ, ఒక్క మాట చెప్పండి. సెల్ ఫోను మనిషిని చంపుద్దా, చంపదా?" అని గుంపులోంచి ఒకడు అరిచాడు.

"ఎర్ర నంబరు చంపడం అబద్ధం. అది నేను రాసిస్తాను," అన్నారాయన. "ఏళ్ళ తరబడి వాడితే ఏమన్నా హాని ఉంటుందా అని శాస్త్రవేత్తలు ఇంకా పరీక్షలు చేస్తున్నారు. ఉందని తేలలేదు. ఏమాత్రం లేదని ఒట్టేసి చెప్పలేను. అందుకే అవసరానికి మాట్లాడండి, కబుర్లు తగ్గించండి అంటాను."

"మరి అచ్చిబాబు సంగతేంటండీ? ఎవరు పడేశారు?"

జనం అంతా అంబులెన్సు దిగుతున్న అచ్చిబాబు వైపు తిరిగారు. అతను తల దించుకున్నాడు. దుర్గాశ్రీ అతన్ని చూసింది. తమ్ముడి లాంటివాడు. చిన్న బతుకు. నోరు మూసుకుంటే అతను బతికిపోతాడు. కానీ రేపు ఇదే రోడ్డు మీద ఇంకో ఆటో ఇలాగే పడితే? ఇంకొకరి చెయ్యి విరిగితే?

"నేను ఆటోలోనే ఉన్నానండీ," అంది గట్టిగా. "అది ఎర్ర నంబరు కాదు, నల్ల నంబరూ కాదు. అచ్చిబాబు రోడ్డు చూడలేదు, ఫోను చూశాడు. అందుకే పడ్డాం. తప్పు అతనొక్కడిదే కాదు. ఎర్రగా ఉందా అని అడిగింది మేం. రోజూ ఒంటిచేత్తో తోలుతుంటే నవ్వుతూ కూర్చున్నదీ మేమే."

గుంపు ఒక్కసారి గోలెత్తింది. "అబద్ధం! ఆ నంబరు ఎవరిదో చెప్పమనండి!"

అప్పుడు అచ్చిబాబు భార్య మరిడమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"అది నేనేనండీ! కాయిన్ బాక్సు నుంచి చేశాను. ఎర్ర నంబరు వస్తే ఎత్తకయ్యా అని చెప్దామనే చేశానండీ!"

కంచె ఊపుతున్న చేతులు ఆగిపోయాయి. గునపం ఒకటి ఠంగుమని నేల మీద పడింది. ఎక్కడో ఒకరు నవ్వబోయి, మరిడమ్మ మొహం చూసి మానుకున్నారు.

అచ్చిబాబు తూలుకుంటూ వచ్చి సూరమ్మ ముందు నిలబడ్డాడు. "పిన్నీ, నీ చెయ్యి విరగ్గొట్టింది ఫోను కాదు, నేను. అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. నీ చెయ్యి బాగయ్యేదాకా ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చే బాధ్యత నాది."

"తీసుకెళ్ళు," అంది సూరమ్మ. "కానీ రెండు చేతులతో తోలితేనే ఎక్కుతాను."

ఈసారి ఊరంతా నవ్వింది. గునపాలు పట్టుకున్నవాళ్ళే ముందు నవ్వారు.

ఆ తరువాత అచ్చిబాబుకి జరిమానా పడింది, కొన్నాళ్ళు లైసెన్సు ఆగింది. ఆ కొన్నాళ్ళూ అద్దె రిక్షాలో సూరమ్మని కూర్చోబెట్టుకుని తొక్కుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆవిడ చెయ్యి మునుపటంత చురుగ్గా తిరగలేదుగానీ సూది పట్టింది. ఇప్పుడు ఆ రోడ్డు మీద ఏ డ్రైవరు జేబులో ఫోను మోగినా, వెనక నుంచి ఆడవాళ్ళే ముందు అరుస్తారు: "బండి ఆపి మాట్లాడు!"

ఆ సాయంత్రం టవరు కంచె ముందు దక్షిణామూర్తి గారు చివరిగా అన్న మాటలు ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. "నాయనలారా, కనపడని కిరణాల సంగతి శాస్త్రం తేలుస్తుంది, దానికి ఓపిక పడదాం. కనపడే ప్రమాదం మన చేతిలోనే ఉంది. బండి నడిచేటప్పుడు ఫోను ముట్టుకోకండి, విన్న ప్రతి మాటా పదిమందికి చేర్చకండి. మిమ్మల్ని ఈ రోజు కాలువలో పడేసింది ఫోను కాదు, దాన్ని ఎప్పుడు వాడకూడదో తెలియకపోవడం!"