పేరు చెప్పని ఆకు

హనుమంతప్ప భార్యను జుబేదాబీ చంపింది. ఊళ్లో ఎవరేమనుకున్నా హనుమంతప్పకు అందులో రెండో మాట లేదు.

పందొమ్మిది వందల యాభై మూడు శ్రావణంలో భద్రమ్మకు కామెర్లు వచ్చాయి. వేరుశనగ చేనిలో కలుపు తీస్తూ గట్టు మీద కూలబడిపోయింది. ఉరవకొండలో డాక్టరు చూసి, దీనికి ఇంగ్లీషు మందు లేదు, పథ్యం ఉండమన్నాడు. ఆ చుట్టుపక్కల కామెర్లకు మందంటే పక్కింటి జుబేదాబీదే. ఏదో ఆకు నూరి, మజ్జిగలో కలిపి, పరగడుపున తాగించేది. ఆకు పేరు బయటపెడితే మందు విరిగిపోతుందని వాళ్ల అత్త ఆమె చేత ఒట్టు వేయించుకుంది. కోసేటప్పుడు కూడా ఎవరి కంటా పడకూడదు.

ఆ సమయానికి జుబేదాబీ గుంతకల్లులో ఉంది. రైల్వేలో పనిచేసే అల్లుడి ఇంట్లో కూతురు హబీబా నెలలు నిండి ఉంది. హనుమంతప్ప బస్సెక్కి పోయి, ఆ ఇల్లు వెతికి పట్టుకున్నాడు.

"అక్కా, ఆ ఆకు పేరు చెప్పు. నేనే పెరికి నూరుకుంటా."

"చెప్తే పనిచేయదప్పా. పాపకు నొప్పులు మొదలైనాయి. కాన్పు కానీ, నేనే వస్తా."

"ఆడ భద్రమ్మ పోయేట్టుండాది."

"నేను రానంటినా?"

మరునాడు పొద్దున హబీబాకు మగబిడ్డ పుట్టాడు. జుబేదాబీ బాలింతను వదిలేసి హనుమంతప్పతో బస్సెక్కింది. ఊళ్లో దిగాక, "నువ్వింటికి పో, నా వెనక రావొద్దు" అని చేల వైపు నడిచింది. ఆమె గిన్నెతో వచ్చేసరికి భద్రమ్మ పళ్లు బిగుసుకుపోయాయి. పోసిన మందు పెదవి పక్కనుంచి కారి దిండు తడిసింది. సాయంత్రానికి ప్రాణం పోయింది.

"ఇంక నా గడప తొక్కొద్దు" అన్నాడు హనుమంతప్ప.

రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆ తర్వాత ప్రతి రంజానుకూ ఆమె ఆ గోడ మీద సేమ్యా గిన్నె పెట్టేది. అతను దాన్ని చీమలకు వదిలేసేవాడు. ఆమె "బాగుండావా అప్పా" అంటే గొంతు ఖాకరించి ఉమ్మేవాడు.

పదేళ్లు దాటాక, మళ్లీ కలుపు తీసే రోజుల్లో, మద్రాసు ప్రయోగశాల నుంచి ఒకాయన వచ్చాడు. చంకలో, మొక్కలు అదిమి పెట్టుకోవడానికి పాత పేపర్ల కట్ట. చేనిలో వంగి, సాళ్ల మధ్య నుంచి ఒక మొక్క పెరికి ఆకు తిరగేసి చూశాడు. ఈనె కింద వరసగా పూసల్లాంటి కాయలు. నేల ఉసిరి. ఏటా భద్రమ్మ పెరికి గట్టు మీద పారేసిన కలుపు. ఆమె కూలబడిన రోజు కూడా చేతిలో ఉన్నది అదే.

"మీ చేనిలో బాగా మొలుస్తుందని జుబేదాబీగారు చెప్పారు" అన్నాడాయన.

"పేరు చెప్పిందా?"

"చెప్పారు. మందు విరిగిపోతే పోనీ, భద్రమ్మ పోయినాక ఎవరికీ ఇయ్యలేదు అన్నారు."

హనుమంతప్ప ఆ మొక్కను చేతిలోకి తీసుకున్నాడు. "ఇది కామెర్లను కుదురుస్తాదా?"

"మైక్రోస్కోపుకు కూడా కనిపించనంత చిన్న సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు అది పెద్దాయనా. ఈ ఆకులో దాన్ని అణచేది ఏదైనా ఉందేమో వెతకాలి. ఉండొచ్చు, లేకపోవచ్చు."

లేకపోవచ్చు. ఇన్నేళ్లూ ఆ మాట హనుమంతప్పకు తట్టనే లేదు.

ఇంటికి వచ్చేసరికి జుబేదాబీ అరుగు మీద శనక్కాయలు ఒలుస్తూ ఉంది. అతను ఆగాడు.

"ఆ పొద్దే చెప్పింటే?"

ఆమె చేతులు ఆగలేదు. "చెప్పింటే నమ్మేవాడివా? నా చేన్లో కలుపును మందంటావా అని ఎగతాళి చేసిందువు."

"నమ్మిందును" అన్నాడు. అన్నాక అది నిజమో కాదో అతనికే తెలియలేదు. అసలు ఆ ఆకు పనిచేసేదేనా అన్న మాట నోటిదాకా వచ్చింది. అడగకుండా లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

మరుసటి ఏడు కలుపుకు వచ్చిన కూలీలను సాళ్లలో ఆపాడు. పేరెత్తకుండా నేల ఉసిరిని వేలితో చూపించి, దాన్ని ముట్టవద్దన్నాడు.

"ఏమప్పా, ఈ ఏడు కలుపే పంటా?" అంది చౌడమ్మ. ఆడవాళ్లు నవ్వారు.

"ఎందుకని అడగొద్దు" అన్నాడు హనుమంతప్ప. "ఈ పొద్దే కాదు, ఎప్పుడూ అడగొద్దు. దాని పేరు నా నోట రాదు. చెప్తే విరిగిపోతాది."